నేల, నీటి సంరక్షణకు ఆర్థిక సహాయం: కట్టిన తరువాత బాధ్యత ఎవరిది?

వాలుగా ఉన్న ఎర్ర నేలలో కట్టిన కాంటూరు గట్టు ఒక్కసారిగా తెగదు. మొదట అలుగు వద్ద పేర్చిన రాళ్లు కదులుతాయి. ఆ సందుల్లో పారే నీరు గట్టు పాదాన్ని కోస్తుంది. మరుసటి పెద్ద వానకు గండి పడుతుంది. గట్టు వెనుక నిలిచిన నీరంతా ఆ గండి గుండానే ఉరుకుతుంది గనుక, అసలు గట్టే లేని పొలంలో కంటే అక్కడ కోత తీవ్రంగా ఉంటుంది. సకాలంలో రాళ్లు సర్దడానికి ఇద్దరు కూలీల అరపూట శ్రమ చాలు. ఆ అరపూట పనికి బాధ్యులెవరన్నదే మన సహాయ పథకాలలో స్పష్టత కొరవడిన అంశం.

ప్రైవేటు భూమిలో పనికి ప్రజాధనం ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. ధ్రువనారాయణ, రాంబాబుల 1983 నాటి అంచనా ప్రకారం మన దేశంలో హెక్టారుకు సాలీనా సగటున 16.35 టన్నుల మట్టి కోతకు గురవుతోంది. నేల సాంద్రతను ఘనపు సెంటీమీటరుకు 1.35 గ్రాములుగా తీసుకుంటే ఇది సుమారు 1.2 మిల్లీమీటర్ల పొర. ఏ రైతు కంటికీ అది ఆనదు. పైగా గట్టు వేసినందున దిగువ చెరువులో పూడిక తగ్గుతుంది, పొరుగువాని బావిలో ఊట పెరుగుతుంది. ఖర్చు ఒకరిది, ఫలం పలువురిది అయినప్పుడు ప్రభుత్వం భాగం పంచుకోవడం న్యాయమే.

ఆ భాగం మన దేశంలో క్రమంగా పెరిగింది కూడా. 1973-74లో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం మొదలైంది. హనుమంతరావు కమిటీ సిఫారసుల మేరకు 1995 నుంచి వాటర్‌షెడ్ పద్ధతి అమలులోకి వచ్చింది. 2008 ఉమ్మడి మార్గదర్శకాలలో మైదాన ప్రాంతాలకు హెక్టారుకు 12,000 రూపాయలుగా ఉన్న వ్యయ పరిమితి 2021 మార్గదర్శకాలలో 22,000కు, కష్టతర ప్రాంతాలకు 28,000కు చేరింది. అయితే 2008 మార్గదర్శకాలలోని ఒక నిబంధనను విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. సొంత భూమిలో జరిగే పనుల వ్యయంలో రైతు కనీసం 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులైతే 5 శాతం వాటర్‌షెడ్ అభివృద్ధి నిధికి చెల్లించాలి. ఆ నిధిని ప్రాజెక్టు ముగిశాక ఉమ్మడి ఆస్తుల నిర్వహణకు వాడవచ్చు. వ్యక్తిగత భూముల్లోని పనుల మరమ్మతుకు మాత్రం వాడరాదు. ఊరి చెక్‌డ్యాంకు ఇది రక్షణ. తన గట్టుకు వాటా చెల్లించిన సన్నకారు రైతుకు మాత్రం గండి పడిన నాడు ఆ నిధి అక్కరకు రాదు.

నీటి కుంటల విషయంలో లెక్క మరోలా ఉంటుంది. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, 1:1 పక్క వాలుతో తవ్విన కుంటలో పట్టేది సుమారు 130 ఘనపు మీటర్లు. నష్టాలు లేవనుకుంటే ఎకరాకు 32 మిల్లీమీటర్ల తడి, అంటే కాయ ఊరే దశలో బెట్టకు గురైన వేరుశనగకు ఒక రక్షక తడి. నల్ల నేలలో ఇది చాలావరకు సాధ్యం. ఎర్ర నేలలో అడుగు, పక్కలు పూత లేకుండా వదిలితే నీరు త్వరగా ఇంకిపోతుంది. ఊట కోసమైతే మేలే, తడి కోసమైతే వృథా. 2005 చట్టం కింద నడిచిన ఉపాధి హామీ పథకంలో సామగ్రి ఖర్చు 40 శాతం మించరాదు. అటువంటి పథకానికి తవ్వకం సులభం, పూత భారం. కుంటల సంఖ్యను లెక్కించి సంతృప్తి చెందే నివేదికలలో ఈ తేడా కనిపించదు.

అన్నిటికంటే చిక్కైనది కౌలు సమస్య. సూక్ష్మ సేద్యానికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం సహాయం లభిస్తుంది. మన రెండు రాష్ట్రాలూ దీనికి అదనంగా కలిపాయి. కానీ దరఖాస్తుకు ఆధారం పట్టాదారు పాసుపుస్తకం. దున్నేవాడు వేరొకడైతే? ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు పంటపై హక్కు కల్పించింది, కాని ఒప్పంద కాలం 11 నెలలు. వట్టివేరు వరుస కుదురుకొని మట్టిని పట్టడానికే రెండు, మూడు వానాకాలాలు కావాలి. పదకొండు నెలల సాగుదారు వాటిని ఎందుకు నాటాలి?

అమెరికాలోనూ ఈ ప్రశ్న తలెత్తింది. 1985 ఆహార భద్రతా చట్టం కింద ఏర్పడిన సంరక్షణ నిల్వ కార్యక్రమంలో కోతకు గురయ్యే భూమిని సాగు నుంచి తప్పించి గడ్డి, చెట్లు పెంచినందుకు 10 నుంచి 15 ఏళ్లపాటు ఏటా అద్దె చెల్లిస్తారు. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే సొమ్ము తిరిగి కట్టాలి. కౌలుదార్లకూ ఆ చెల్లింపుల్లో న్యాయమైన వాటా దక్కాలని చట్టమే చెబుతుంది. రెండు, మూడు ఎకరాల రైతును సాగు మానమనలేము గనుక ఆ పద్ధతి మనకు యథాతథంగా నప్పదు. గట్టు కట్టిన నాడే మొత్తం సహాయం ఇవ్వక, కొంత భాగాన్ని నిలిపి, మూడు వానాకాలాల తరువాత అలుగు చెక్కుచెదరలేదని చూసి, ఆనాడు ఆ పొలం దున్నుతున్న వానికి చెల్లించే ఏర్పాటు మాత్రం మన జిల్లాలలో పరీక్షించదగినది.

అందుకు కావలసిన సమాచారం నేడు ఏ దస్త్రంలోనూ ఒకచోట దొరకదు. చివరి సంవత్సరంలో గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు ప్రశ్నావళిలో మూడు గడులు అదనంగా చేర్చుకోవచ్చు: గట్టు కట్టిన ఏడు, అలుగు ప్రస్తుత స్థితి, ఈ ఏడు ఆ పొలం దున్నుతున్నది యజమానియా, కౌలుదారా.