కోతులు పదహారా, నలభై ఎనిమిదా?

వర్గ సమీకరణం సాధిస్తే సాధారణంగా రెండు మూలాలు వస్తాయి గదా! మీలో చాలామంది ఆ రెండూ రాసి, కింద గీత గీసి, తర్వాతి లెక్కకు వెళ్ళిపోతారు. జవాబు పత్రాలు దిద్దే మాకు ఈ సంగతి బాగా తెలుసు. కాని లెక్కలో అడిగింది మూలాలు ఎన్ని అని కాదు, కోతులెన్ని అని!

ఈ కోతులెక్కడివంటారా? 1150లో భాస్కరాచార్యుడు పూర్తిచేసిన గ్రంథంలోని బీజగణితంలోవి. ఒక గుంపులో ఎనిమిదో వంతు ఎంతో, దాని వర్గమన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి. మిగిలిన 12 కొండమీద కిచకిచలాడుతున్నాయి. మొత్తం ఎన్ని?

తెలియని రాశికి భాస్కరుడు 'యావత్తావత్' అని పేరు పెట్టి, పొట్టిగా 'యా' అని రాసేవాడు. మనమూ అలాగే రాద్దాం.

(యా/8)² + 12 = యా

64 చేత గుణించి సర్దితే,

యా² – 64యా + 768 = 0

కారణాంకాలు వెంటనే తట్టకపోతే కంగారు పడకండి. 64లో సగం 32, దాని వర్గం 1024. 768ని కుడివైపుకు పంపి, రెండువైపులా 1024 కలపండి.

(యా – 32)² = 256

వర్గం 256 అయ్యే సంఖ్యలు రెండున్నాయి: 16, –16. కనుక యా = 48 లేదా 16.

ఇప్పుడు లెక్క దగ్గరకు తిరిగి వెళ్ళండి. 48లో ఎనిమిదో వంతు 6, వర్గం 36, దానికి 12 కలిపితే 48. సరిపోయింది. 16లో ఎనిమిదో వంతు 2, వర్గం 4, దానికి 12 కలిపితే 16. ఇదీ సరిపోయింది! భాస్కరుడు రెండు జవాబులనూ ఒప్పుకున్నాడు.

ఆయన ఇంకో గుంపునూ తెచ్చాడు. గుంపులో ఐదో వంతునుంచి 3 తీసివేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎన్నో, అన్ని కోతులు గుహలో దూరాయి. ఒక్కటి మాత్రం కొమ్మెక్కి కనబడుతోంది.

(యా/5 – 3)² + 1 = యా

దీన్ని సర్దితే యా² – 55యా + 250 = 0. మూలాలు 50, 5.

50 సరే: పదిలోంచి మూడు పోతే 7, వర్గం 49, కొమ్మమీది దానితో 50. మరి 5? అందులో ఐదో వంతు ఒకే ఒక్క కోతి. ఒక్కదానిలోంచి మూడింటిని తీసేదెలా? –2 వస్తుంది. కాని వర్గం చేసేసరికి ఋణగుర్తు మాయమై 4 అవుతుంది, ఒకటి కలిపితే 5. సమీకరణం ఈ దొంగను పట్టలేదు! భాస్కరుడు పట్టాడు. ఇలా ఋణమైనదాన్ని లోకం ఒప్పుకోదని 5ను పక్కన పెట్టాడు. ఋణసంఖ్యలు తెలియక కాదు సుమా! అంకె నెత్తిన చుక్క పెట్టి వాటిని రాసేవాడు, వాటితో లెక్కలూ చేసేవాడు.

ఇంటర్మీడియెట్‌లో మీరు చేయబోయే అవకలనంలోనూ ఇదే తంతు. 18 సెం.మీ. భుజమున్న చదరపు అట్టకు నాలుగు మూలలా సమాన చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి, మూతలేని పెట్టె చేయాలి. అందులో అన్నిటికన్నా ఎక్కువ పట్టాలంటే ఎంత చదరం కత్తిరించాలి? అవకలజాన్ని సున్నాకు సమానం చేస్తే 3, 9 వస్తాయి. 9 సెం.మీ. చొప్పున కత్తిరిస్తే అట్టే మిగలదు! 3 తీసుకుంటే 12 × 12 × 3 = 432 ఘన సెం.మీ. పడుతుంది.

మళ్ళీ మొదటి గుంపు దగ్గరకు రండి. కొండమీద 12కు బదులు 16 కోతులున్నాయనుకోండి. జవాబులెన్ని వస్తాయి? 17 ఉంటే? కాగితం తీసుకుని చేసి చూడండి.