మూడు గొంతుల కథ

కాజీపేటకు చేరువనున్న మడికొండ ప్రజాకవి కాళోజీ నారాయణరావు బాల్యము గడచిన ఊరు. జనుల నోటి పలుకుబడియే సాహిత్యమునకు ప్రాణమని ఆయన జీవితమంతయు వాదించెను. ఆ పలుకుబడికి ఏనాడో వేదిక కల్పించినవారు తెలంగాణపు శారదకాండ్రు. వారి మేళమునకు ముగ్గురు చాలును.

నడుమ కథకుడు. అతని భుజముపై శారద యను తంత్రీవాద్యము. చేతివ్రేళ్ళకు గలగలమను లోహపు అందెలు. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయింతురు. సంగీతసభలలో కానరాని ఈ వాద్యములతో వారు రాత్రులు తరబడి కథ నడుపుదురు.

1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో మరణశిక్ష పొందిన సర్వాయి పాపని చరిత్రకారుడు ఖాఫీఖాను దోపిడికాడని వ్రాసెను. జానపద గాయకులు వీరుడని పాడిరి. ఏటి కిరువైపుల నుండి చూచినవారికి ఏరొక్కటే యైనను దృశ్యము వేరు. ఆ రెండవ గట్టు నుండి పలికినది ఇట్టి మేళములే.

1940లలో ప్రజానాట్యమండలి ఈ మువ్వురి కూర్పునే బుర్రకథగా తీర్చి, రాజకీయ చైతన్యమునకు సాధనముగా చేసికొన్నది. అందు అగ్రగణ్యుడు షేక్ నాజర్ (1920–1997). ఆయనకు 1986లో పద్మశ్రీ లభించెను. బుర్రకథలో ఒక వంత హాస్యము పలుకును. మరియొక వంత రాజకీయము పలుకుచు కథకుని నిలదీయును.

ముగ్గురితోనే మహాకథ నడుపవచ్చునను ఊహ మనకే పరిమితము కాదు. 1970లో ఇంగ్లండులో ఎమర్సన్, లేక్, పామర్ అను మువ్వురు ప్రోగ్రెసివ్ రాక్ బృందముగా ఏర్పడిరి. రాక్ సంగీతమునకు ఆనాడు క్రొత్తదైన మోగ్ సింథసైజరును వేదిక కెక్కించిరి. 1971లో వెలువడిన వారి ‘టార్కస్’ గ్రామఫోను రికార్డులో ఒక ప్రక్క నంతయు ఆక్రమించిన ఇరువది నిమిషముల రచన. అచట శ్రోత వాద్యనైపుణ్యమునకు అబ్బురపడును. బుర్రకథలో వంత శ్రోత పక్షమున ప్రశ్నించును. భేద మిదియే.

వంత తలయూపుటకే పరిమితమైననాడు, మూడు వాద్యములు మ్రోగినను గొంతు ఒక్కటే యగును. కావున తరగతిలో పాపని పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు ముగ్గురు పిల్లలను నిలువబెట్టి చూడవలెను. ఒకడు కథ చెప్పును. ఒకడు నవ్వించును. మూడవవాడు మాత్రము, “కొల్లగొట్టినవాడు వీరు డెట్లయ్యెను?” అని అడుగవలెను. ఆ ప్రశ్నకు బదులు వెదకుటతోనే చరిత్ర పాఠము మొదలగును.