శిశువు ఆట: మాటకు ముందు సంభాషణ

సౌదీ అరేబియా నైరుతి మూలన, ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న రేవుపట్టణం జిజాన్. మల్లెపూలకు పేరుపొందిన ప్రాంతమది. అయినా వేసవి పగళ్ళలో ఉక్కపోతకు పసిబిడ్డను బయటకు తీసుకుపోవడం కష్టం. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన తెలుగు దంపతులకు బిడ్డ కలిగితే, పురిటి సాయానికి వచ్చిన అమ్మమ్మ తిరిగి వెళ్ళాక ఇంట్లో మిగిలేది సాధారణంగా ఆ ఇద్దరే. ఒకరు విధుల్లో, మరొకరు వంటింట్లో ఉన్నప్పుడు బిడ్డ ఏడిస్తే చేతికి అందేది ఫోను. తెలుగు పాటలే గదా, వింటూ భాష నేర్చుకుంటాడులే అని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు. ఈ నమ్మకం ఎంతవరకు నిజం?

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు ఆంగ్లం మాట్లాడే ఇళ్ళ శిశువులకు హిందీలోని త, ట ధ్వనులను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వారిలో అత్యధికులు ఆ భేదాన్ని గుర్తించారు. పది, పన్నెండు నెలల వారిలో ఆ శక్తి బాగా తగ్గిపోయింది. పాత, పాట అనే మాటలను వేరుచేసేది ఈ భేదమే. అరబ్బీలో మూర్ధన్యమైన ట లేదు. కనుక జిజాన్‌లో పెరిగే బిడ్డకు ఆ భేదం తెలియవలసింది ఇంటి మాటల్లోనే.

ఆ మాటలు తెర మీద నుంచి వస్తే చాలదా? 2003లో పాట్రీషియా కూల్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకే సమాధానం వెదికింది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులతో చైనా భాష మాట్లాడేవారు పన్నెండు విడతలుగా ఆడుతూ, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ శిశువులు చైనా ధ్వనుల భేదాలను పట్టుకోగలిగారు. అవే మాటలను వీడియోలో చూసినవారికి, శబ్దముద్రణలో విన్నవారికి అది అబ్బలేదు.

దోబూచులాటను గమనిస్తే కారణం బోధపడుతుంది. తల్లి చేతుల వెనుక ముఖం దాచుకుంటుంది, శిశువు నిరీక్షిస్తాడు. ముఖం కనబడగానే నవ్వుతాడు. ఆ నవ్వు చూసి తల్లి మళ్ళీ దాగుతుంది. ఒకరి తరువాత ఒకరు వంతు తీసుకోవడమే సంభాషణకు పునాది. తెర మీది బొమ్మ శిశువు నవ్వినా, నవ్వకపోయినా ఒకే తీరుగా ఆడుతుంది. స్పందన ఆగిపోతే ఏమవుతుందో 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్ బృందం చూపింది. ఆడిస్తున్న తల్లి హఠాత్తుగా ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతే, శిశువు ఆమెను మళ్ళీ ఆటలోకి దింపాలని ప్రయత్నించి, చివరకు ముఖం తిప్పుకుంటాడు.

ఆట ఫలితం బాల్యంతోనే ముగియదు. 1980ల నడుమ జమైకాలోని కింగ్‌స్టన్‌లో, పోషకాహార లోపంతో ఎదుగుదల కుంటుపడిన పేద పిల్లల ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళపాటు వారానికొక గంట వెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో తల్లులకు నేర్పారు. ఆటవస్తువులను ఇంట్లో దొరికే వాటితోనే చేశారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లల సంపాదన, అటువంటి తోడ్పాటు అందని తోటివారికంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2014లో వెల్లడైంది. జిజాన్ కుటుంబాల పరిస్థితి వేరే కావచ్చు. పసి మెదడు ఎదిగే తీరు మాత్రం ఒక్కటే.

ఇందుకు ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేదు. స్నానం చేయిస్తూ అవయవాల పేర్లు చెప్పడం, బిడ్డ చేసిన శబ్దాన్నే తిరిగి పలికి ఒక క్షణం ఆగడం, గిన్నె, గరిటె చేతికివ్వడం చాలు. ఇంకా పాకని శిశువును మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు కనిపెట్టుకొని, రోజు మొత్తం మీద కనీసం అరగంట బోర్లా ఆడించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది లోపు తెర వద్దన్నదీ ఆ సంస్థే. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ వీడియో కాల్ సంగతి వేరు. ఆమె బిడ్డను చూసి బదులిస్తుంది. పక్కన పెద్దలు కూర్చుంటే అక్కడా దోబూచులాట సాగుతుంది. బిడ్డ ముఖం పక్కకు తిప్పుకుంటే అలసిపోయాడని గ్రహించి ఆట ఆపాలి. ఏడాది నిండినా ముద్దుపలుకులు లేకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండు భాషల వల్లనేమో అని ఊరుకోక వినికిడి పరీక్ష చేయించాలి.

విధుల నుంచి అలసి వచ్చిన తండ్రి పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి నేల మీద కూర్చుంటే, ఆ ఇంట్లో తెలుగు బడి తెరిచినట్టే.