రంగు చూసి చెప్పలేం

తోటకూర కట్టను చేతికిచ్చి, ఇందులో విటమిన్ ఎ ఎంతుందో రంగు చూసి చెప్పమంటే నేను చెప్పలేను. కూరగాయల్లోని రంగు పదార్థాలను విడదీసి కొలవడమే నా ఉద్యోగం. అయినా ఈ విషయంలో కంటిని నమ్మను.

క్యారెట్‌కు నారింజ రంగునూ, టమాటాకు ఎరుపునూ, మొక్కజొన్న గింజకు పసుపునూ ఇచ్చేవి కెరోటినాయిడ్లు. ఆకుకూరల్లోనూ అవి దండిగా ఉంటాయి గానీ పత్రహరితం చాటున పడి కనిపించవు. బీట్‌రూట్ ఎరుపు, ఎర్ర తోటకూర ఎరుపు మాత్రం వీటివల్ల వచ్చినవి కావు. అవి బీటలైన్లు, పూర్తిగా వేరే జాతి. వంకాయ ఊదారంగుది ఇంకో జాతి.

పోనీ, కెరోటినాయిడ్లన్నిటినీ కలిపి కొలిచేస్తే సరిపోతుందా? సరిపోదు. బీటా కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. ఆల్ఫా కెరోటిన్ నుంచి అందులో సగమే వస్తుంది. టమాటాలోని లైకోపీన్ ఎంత తిన్నా విటమిన్ ఎ రాదు. బీటా కెరోటిన్‌లో ఉన్నట్టే లైకోపీన్‌లోనూ 40 కార్బన్, 56 హైడ్రోజన్ పరమాణువులే ఉంటాయి. లైకోపీన్ గొలుసు చివరలు తెరిచి ఉంటాయి, బీటా కెరోటిన్‌వి ఉంగరాల్లా మూసుకుంటాయి. తేడా అంతే. ఆకుకూరల్లో పుష్కలంగా ఉండే ల్యూటిన్ కూడా విటమిన్ ఎ ఇవ్వదు. అది కంటి రెటీనా నడిమధ్యకు చేరి అక్కడ పనికొస్తుంది. కాబట్టి ముందు విడదీయాలి, ఆ తర్వాతే కొలవాలి.

విడదీసే దారి చూపింది మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త. గాజు గొట్టంలో సుద్దపొడి లాంటి కాల్షియం కార్బొనేట్ నింపి, ఆకుల నుంచి తీసిన ద్రావణాన్ని పైనుంచి దించితే రంగులు వేర్వేరు పట్టీలుగా విడిపోయాయి. 1903లో వార్సాలో దీని గురించి ప్రసంగించాడు. 1906లో దీనికి క్రోమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1931లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో కూన్, లెడరర్ అనే రసాయనశాస్త్రవేత్తలు ఇదే పద్ధతితో కెరోటిన్‌ను ఆల్ఫా, బీటాలుగా విడదీశాక గానీ దాని విలువ తెలిసిరాలేదు. అప్పటికి త్స్వెత్ బతికి లేడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ పద్ధతినే యంత్రంతో నడుపుతాం. మా పనిలో ఆ యంత్రం వంతు చివర్లో వస్తుంది. అసలు కష్టమంతా దానికి ముందే. రైతుబజారు తోటకూరకు కాడలు తుంచి, ఆకులు కడిగి, తడి ఆరాక సన్నగా తరిగి, అంతా కలిపి అందులోంచి కొంచెం తీసుకుంటాం. గదిలో కిటికీలకు ముదురు తెరలు, లోపల మసక పసుపు బల్బు. సీసాలన్నిటికీ అల్యూమినియం రేకు చుడతాం. వెలుతురు, వేడి, గాలి మూడూ కెరోటినాయిడ్లకు గిట్టవు. ఆకును చల్లని అసిటోన్ పోసి కల్వంలో నూరి వడకడతాం. పిప్పిలో రంగు మిగిలినంత సేపూ మళ్లీ నూరుతూనే ఉంటాం. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రమున్నా లాభం లేదు.

తీసిన ద్రావణంలో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి చీకట్లో రాత్రంతా ఉంచుతాం. పత్రహరితమూ కొవ్వులూ విరుగుతాయి. పొద్దున సెపరేటింగ్ ఫనెల్‌లో పెట్రోలియం ఈథర్, నీళ్లు పోసి నెమ్మదిగా తిప్పి నిలబెడితే ఆకుపచ్చదనం కింది నీటిపొరలోకి దిగిపోతుంది, పైన నారింజ కలిసిన పసుపు పొర తేరుకుంటుంది. ఆకు దాచుకున్న రంగు అదే. కొత్తగా చేరిన పిల్లలకు దీన్ని తప్పకుండా చూపిస్తాను.

ఆ పొరను ఆవిరి చేసి, మిగిలినదాన్ని తగిన ద్రావకంలో కలిపి, వడకట్టి, 20 మైక్రోలీటర్లు యంత్రంలోకి ఎక్కిస్తాం. లోపల ఉండేది 25 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం. దాన్నిండా సన్నని సిలికా రేణువులు, వాటి ఒంటినిండా 30 కార్బన్ల గొలుసులు. పంపు ఒత్తిడితో ద్రావకం పారుతుంటే రంగులూ దాంతోపాటు కదులుతాయి. జాతర దారిలో ప్రతి కొట్టు దగ్గరా ఆగేవాళ్లు వెనకబడినట్టు, ఆ గొలుసులను ఎక్కువ అంటిపెట్టుకునేవి ఆలస్యంగా బయటపడతాయి. మొదట ల్యూటిన్, వెనకే జియాజాంతిన్, తర్వాత ఆల్ఫా, బీటా కెరోటిన్లు. టమాటా అయితే చిట్టచివర లైకోపీన్. 450 నానోమీటర్ల నీలికాంతిని ఒక్కొక్కటీ ఎంత పీల్చుకుందో డిటెక్టర్ గీసి చూపిస్తుంది. ఆ గీతల కింది వైశాల్యాన్ని, గాఢత తెలిసిన శుద్ధ పదార్థపు గీతతో పోల్చి లెక్కగడతాం. ఆ శుద్ధ పదార్థం కూడా సీసాలోనే పాడవుతుంది కాబట్టి దాన్ని వాడిన ప్రతిసారీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో సరిచూసుకోవాలి.

భారతీయ ఆహారాల పాత పట్టికల్లో కెరోటిన్‌కు ఒకటే గడి ఉండేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాలతో ప్రచురించిన పట్టికల్లో ల్యూటిన్, జియాజాంతిన్, లైకోపీన్, ఆల్ఫా, బీటా కెరోటిన్లకు వేర్వేరు గళ్లున్నాయి. అంగన్‌వాడీ పిల్లల పళ్లెంలో ఆకుకూర ఎంత వడ్డించాలో తేల్చేవాళ్లకు ఈ గళ్లే ఆధారం. రేచీకటిని ఆపేది బీటా కెరోటిన్ గానీ ల్యూటిన్ కాదు.

ఇంకో చిక్కూ ఉంది. ఆరు మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఒక మైక్రోగ్రాము విటమిన్ ఎకు సమానమని 1967లో అంతర్జాతీయ నిపుణులు లెక్కగట్టారు. 2001లో అమెరికా నిపుణులు దాన్ని పన్నెండుకు మార్చారు. 2400 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఉన్న ఆకుకూర పాత లెక్కన 400 మైక్రోగ్రాముల విటమిన్ ఎ ఇస్తే, కొత్త లెక్కన ఇచ్చేది 200. అందుకే నా రిపోర్టులో విటమిన్ ఎ అంకె ఒక్కటే రాసి ఊరుకోను. ఏ కెరోటినాయిడ్ ఎంతుందో విడివిడిగా రాసి, ఆరుతో భాగించానో పన్నెండుతో భాగించానో కూడా పక్కనే రాస్తాను.