బబులోనుకు పంపే ముందు

ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ ముగిసిందంటే మన సంఘాల్లో యువజనుల బెంచీలు సగం ఖాళీ అవుతాయి. వెళ్లే పిల్లలను ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థించి, కొత్త బైబిలు చేతికిచ్చి పంపుతాం. మంచిదే. అయితే ఆ బిడ్డ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాడో ఆలోచిస్తున్నామా? రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివిన రెండేళ్లూ తెల్లవారకముందే లేపడానికి వార్డెన్ ఉన్నాడు. రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా పక్కన లెక్చరర్ ఉన్నాడు. ఎప్పుడు తినాలో, ఏం చదవాలో, ఎప్పుడు ఇంటికి ఫోన్ చేయాలో అన్నీ ఇతరులే నిర్ణయించారు. ఔటింగ్ దొరికితేనే ఆదివారం చర్చి. సొంతంగా ఒక్క నిర్ణయమైనా తీసుకోని ఆ బిడ్డకు ఇప్పుడు ఫోను, చేతి ఖర్చుకు డబ్బు, అడిగేవారు లేని సాయంత్రాలు ఒకేరోజున దొరుకుతాయి.

క్రీ.పూ. 605 ప్రాంతంలో నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి చెరగొనిపోయిన యూదా యౌవనస్థుల్లో దానియేలు ఒకడు. బబులోనులో అతనికి ఏర్పాటైంది ఒక విధంగా హాస్టల్ వసతితో కూడిన మూడేళ్ల కోర్సే. కల్దీయుల భాష నేర్వాలి, వారి విద్య చదవాలి, రాజు బల్ల మీది భోజనం తినాలి. పేరు కూడా బెల్తెషాజరని మార్చేశారు. దానియేలు చదువును కాదనలేదు. మనలో కొందరు యూనివర్సిటీ చదువే విశ్వాసానికి శత్రువన్నట్లు మాట్లాడుతుంటారు. అన్యుల విద్యలో అందరికంటే ముందు నిలిచిన దానియేలును వారు ఎలా చదువుతారో మాకు అర్థం కాదు. అతడు వద్దన్నది రాజు భోజనాన్నీ ద్రాక్షారసాన్నీ మాత్రమే.

మొదటి అధ్యాయం 7వ వచనంలో నపుంసకుల అధిపతి ఆ నలుగురికీ కొత్త పేర్లు పెట్టాడు. 8వ వచనంలో దానియేలు ఒక తీర్మానాన్ని తన హృదయంలో పెట్టుకున్నాడు. హెబ్రీ మూలంలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే క్రియాపదం. పైనుంచి వాళ్లు పెట్టినది ఒకటి, లోపల తాను పెట్టుకున్నది మరొకటి. అమ్మానాన్నలు పక్కన లేరు, ఫోన్‌లో గుర్తుచేసేవారూ లేరు. తీర్మానం అతనిదే.

కాదన్న తీరు కూడా గమనించాలి. అధిపతిని వేడుకున్నాడు. రాజుకు భయపడి ఆయన వెనుకాడితే వాదన పెట్టుకోకుండా, తమను చూసుకునే అధికారి దగ్గరకు వెళ్లి, పది రోజులు శాకధాన్యాలూ నీళ్లూ ఇచ్చి చూడమన్నాడు. ఫ్రెషర్స్ పార్టీ రాత్రి సీనియర్ గ్లాసు చేతికిస్తే "వద్దన్నా, నాకు అలవాటు లేదు" అని నవ్వుతూ చెప్పడం అప్పటికప్పుడు రాదు. ఇంట్లో ఉండగానే ఇలాంటి మాటలు పిల్లలతో అనిపించాలి. నెల డబ్బు ఒకేసారి చేతికిచ్చి లెక్క రాయించాలి. అలారం పెట్టుకుని వాళ్లే లేవాలి, అమ్మ లేపకూడదు. ఇవి ఆత్మీయ విషయాలు కావనుకుంటే పొరపాటు.

దానియేలు ఒంటరిగానూ లేడు. హనన్యా, మిషాయేలు, అజర్యా తోడున్నారు. బిడ్డ చేరే ఊళ్లోని ఒక కాపరితో ముందే మాట్లాడి, మొదటి ఆదివారం ఎవరైనా వచ్చి తీసుకెళ్లేలా చూడడం సంఘం పని. 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. వంటి విద్యార్థి సహవాసాలు ఎన్నో కాలేజీల్లో ప్రార్థన గుంపులు నడుపుతున్నాయి.

ఇక ఫోన్ సంగతి. ప్రతి ఆదివారం "చర్చికెళ్లావా?" అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే, వెళ్లని బిడ్డ కూడా వెళ్లానని చెప్పడం నేర్చుకుంటాడు. అదే నోరు రేపు బ్యాక్‌లాగ్ ఉన్నా అన్నీ పాసయ్యానంటుంది, ర్యాగింగ్ జరిగినా ఏమీ లేదంటుంది. దాచినది బరువై, ఇంటికి ముఖం చూపించలేక ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు ఇదే పత్రికలో చదువుతున్నాం. కనుక బయల్దేరే ముందే తండ్రి నోటితో చెప్పాలి: "ఫెయిలైనా సరే, తప్పు చేసినా సరే, మొదటి ఫోన్ నాకే చెయ్యి నాన్నా. ఆ రోజు నిన్ను తిట్టను." చెప్పాక ఆ మాట మీద నిలబడాలి కూడా. ర్యాగింగ్ ఫిర్యాదుల జాతీయ నంబరు 1800-180-5522, మనసు కుంగినప్పుడు మాట్లాడే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416. ఈ రెండూ ఆ కొత్త బైబిలు మొదటి పేజీలోనే రాసివ్వండి.