మాటకు తెరచుకొను తాళము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండి పొట్టకూటికై గల్ఫు దేశములకు పోవువారు దశాబ్దములుగా కలరు. ఏజెంటు మాట నమ్మి అప్పుచేయుట ఇచ్చటి ఇండ్లకు క్రొత్త కాదు. 2024లో సిరిసిల్ల ప్రాంతపు యువకుడొకడు అట్లే ఉద్యోగమని నమ్మి కంబోడియా చేరెను. తీరా అచ్చట అతనిని నిర్బంధించి చేయించినది, స్వదేశీయులనే ఫోనులో మోసగించు పని! తల్లి పోలీసులకు మొరపెట్టుకొన్న పిదప అతనికి విడుదల లభించినది.

కావున ఫోనులో మన తెలుగే వినిపించినను నమ్మరాదని మేము మనవి చేయుచున్నాము; పలుకువాడే బందీ కావచ్చును. బ్యాంకు తాళము ఎంత గట్టిదైనను, అడిగినవానికి ఓటీపీ చెప్పినచో తాళపుచెవి మనమే అందించినట్లు. వీడియోలో 'అరెస్టు' చేయుట ఏ చట్టములోను లేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడక వెంటనే 1930కు ఫోను చేయవలెను. దొంగసొమ్ము గడియలలో ఖాతాలు మారును. మారకముందైతే బ్యాంకులు దానిని నిలిపివేయగలవు.