పచ్చయు పెరిడాటును: ఒక రత్నపరీక్ష

తెలుగున పచ్చ యను మాటకు అర్థము విస్తారము. ఆకును పచ్చనిదే, పసుపును పచ్చనిదే. నవరత్నములలో నొకటియగు మరకతమునకును పచ్చ యనియే పేరు. కన్నడమున దానిని పచ్చె యందురు. ఈ రెండు భాషలును ఒకే అంగడివీథిలో వినవచ్చు బళ్లారి సీమలో ఆకుపచ్చని రాతి నెల్ల పచ్చ యని పిలుచుట సహజమే. కాని పెండ్లినగకై రాయి కొనువారికి ఆ పేరు చాలదు. పసుపు చాయ కలసిన పెరిడాటును మరకతమని కొన్నవాడు ధనము పోగొట్టుకొనును. మరకతము కాదని తెలిసినంతనే గాజుతో సమానముగా త్రోసివేసినవాడు మంచి రత్నమును పోగొట్టుకొనును. ఈ రెండు నష్టములను తప్పించు పరీక్షను వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ సీమకు రత్నములు క్రొత్తవి కావు. 1443లో విజయనగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, అచ్చటి వర్తకులు కెంపులు, ముత్యములు, వజ్రములు, మరకతములు బజారులో బహిరంగముగా విక్రయించుచుండిరని వ్రాసెను. ఆ రాజధాని నెలకొన్న హంపి, 2021లో విజయనగర జిల్లా ఏర్పడువరకు బళ్లారి జిల్లాలోనిదే. వజ్రములకు పేరుపొందిన వజ్రకరూరు సైతము 1882లో అనంతపురము జిల్లా వేరుపడువరకు బళ్లారి జిల్లాకు చెందియుండెను.

వజ్రకరూరునకును పెరిడాటునకును ఒక చుట్టరికము కలదు. అచ్చట వజ్రములను భూగర్భమునుండి పైకి తెచ్చిన కింబర్లైటు శిలలో ఒలివిన్ అను ఖనిజము ముఖ్యమైనది. నగకు తగినంత నిర్మలమైన ఒలివిన్ స్ఫటికమునకే పెరిడాటని పేరు. అయితే వజ్రకరూరు శిలలోని ఒలివిన్ చాలవరకు నీటి ప్రభావముచే సర్పెంటైన్ అను మెత్తని ఖనిజముగా మారిపోయినది. కావున నగలకు పనికివచ్చు పెరిడాటునకు పేరుపొందిన గనులు వేరు. ఎఱ్ఱసముద్రములోని జబర్గాద్ ద్వీపము వానిలో ప్రాచీనమైనది. బర్మాలోని మొగోక్, అమెరికాలోని ఆరిజోనా, పాకిస్థానులోని కోహిస్థాన్ తరువాత ప్రసిద్ధికెక్కినవి.

వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రము, ముత్యము, పద్మరాగము, మరకతము అను నాలుగింటి పరీక్షకు అధ్యాయములు కలవు. వానిలో గాని, నవరత్నముల పట్టికలో గాని పెరిడాటు లేదు. సంప్రదాయసిద్ధమైన కొలబద్ద లేనందున దీనిని మరకతపు కొలబద్దతో కొలుచుట అలవాటైనది. ఈ పొరపాటు మన దేశమునకే పరిమితము కాదు. జర్మనీలోని కొలోన్ దేవాలయములో ముగ్గురు జ్ఞానుల పేటికకు పొదిగిన పెద్ద ఆకుపచ్చ రాళ్లను శతాబ్దులపాటు మరకతములనియే నమ్మిరి. అవి పెరిడాట్లని తరువాత తేలినది.

ఈ రెంటికిని గల మొదటి భేదము రంగు పుట్టుకలో నున్నది. మరకతమునకు చాయ నిచ్చునవి దానిలో అల్పముగా చేరిన క్రోమియము, వనేడియము. పెరిడాటునకు చాయ నిచ్చు ఇనుము దాని నిర్మాణములోనే యొక భాగము. రెండవ భేదము శుద్ధిక్రియకు సంబంధించినది. మరకతములోని పగుళ్లు కానరాకుండుటకు నూనె పట్టించుట లోకవ్యవహారము. అందుచేత నూనె పట్టించని మరకతమునకు ప్రత్యేకమైన వెల కలదు. పెరిడాటు సాధారణముగా ఏ సంస్కారమును లేకయే అంగడికి వచ్చును. కావున “ఇది సహజము, ఏమియు చేయలేదు” అను మాట పెరిడాటు విషయమున యోగ్యతయే కాని, అధికమైన వెలకు కారణము కాదు. అరుదుగా పగుళ్లను నూనెతోనో జిగురుతోనో నింపుటయు కలదు గనుక, ఆ మాటను వ్రాతమూలముగా కోరుట మేలు.

రాయి పెరిడాటు అగునో కాదో తేల్చుటకు పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము మొదటి సాధనము. రాతి పైముఖమునుండి లోనికి చూచినచో, అడుగు పలకల అంచులు ఒక్కొక్కటి రెండుగా కనబడును. తన లోనికి వచ్చిన కాంతికిరణమును పెరిడాటు రెండుగా చీల్చుటయే దీనికి కారణము. ఒక దిక్కున ఈ జంటగీతలు కానరాకపోవచ్చును గాన, రాతిని త్రిప్పి త్రిప్పి చూడవలెను. గాజునందును కృత్రిమ స్పినెల్ నందును ఇది కనబడదు. మరకతమున చీలిక అత్యల్పము గనుక భూతద్దమునకు అందదు. ఆకుపచ్చ జిర్కానున మాత్రము జంటగీతలు స్పష్టముగా కనబడవచ్చును. కావున ఈ యొక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. వక్రీభవన గుణకము 1.65, 1.69 అంకెల సమీపమునను, సాపేక్ష సాంద్రత 3.3 ప్రాంతమునను ఉన్నచో నిశ్చయము కలుగును. ఈ కొలతలు రత్నపరీక్షాశాలలో లభించును.

భూతద్దమున మరియొక గుర్తును కనవచ్చును. చిన్న నల్లని క్రోమైట్ రేణువు చుట్టును గుండ్రని పలుచని పగులు వ్యాపించి, నీటిపై తేలు తామరాకువలె తోచును. అది సహజత్వమునకు మంచి సాక్ష్యము. గుండ్రని గాలిబుడగలు, సుడిగీతలు గాజునకు చిహ్నములు.

ఇక వెల కట్టుట. రాతిని నగలో పొదుగకముందే, తెల్లని కాగితముపై నుంచి, ఎండ నేరుగా పడని పగటి వెలుగున చూడవలెను. వెనుక మూసిన కుందనపు పనిలో రాతిక్రింద తళుకు రేకు నుంచుట కలదు. అప్పుడు కంటికి కనబడునది రేకు చాయయో, రాతి చాయయో తెలియదు. గోధుమవన్నె సోకని స్వచ్ఛమైన గడ్డిపచ్చ శ్రేష్ఠము. పసుపు మిక్కిలి హెచ్చినది దానికి తక్కువ. గోధుమరంగు కలసినది ఇంకను తక్కువ. మంచి రాతిలో కంటికి కనబడు మచ్చ లుండరాదు. అడుగు మరీ పలుచగా చెక్కినచో నడుమ రంగు వెలవెలబోయి, క్రిందనున్న కాగితము కిటికీలోనుండివలె కనబడును. అది పనివాని లోపము. తూకమును కూడ గమనింపవలెను. ఒకే కొలతగల మరకతముకంటె పెరిడాటు అయిదవ వంతునకు పైగా అధికముగా తూగును. కావున ఒక కారెట్టు, అనగా 200 మిల్లీగ్రాములు, తూగు పెరిడాటు అదే తూకపు మరకతముకంటె చిన్నదిగా కనబడుట దోషము కాదు. పరిమాణము పెరిగినకొలది నిర్దోషమైన రాయి అరుదగును. కావున కారెట్టు వెలయు పెరుగును.

కొన్న పిదప రక్షణయు పరీక్షలో భాగమే. దీని కాఠిన్యము 6.5 నుండి 7 వరకు మాత్రమే. వీథిదుమ్ములోని పలుగురాతి రేణువుల కాఠిన్యము 7. కావున నిత్యము తొడుగు ఉంగరముకంటె కమ్మలకును పతకమునకును ఇది అనుకూలము. అకస్మాత్తుగా తగులు వేడిమికి ఇది పగులును. ఆమ్లమునకు దీని మెఱుగు చెడును. అందుచేత కంసాలి అతుకుపని, ఆమ్లముతో శుద్ధిచేయుట ముగించిన తరువాతనే రాతిని పొదుగవలెను. మరల మరమ్మతు వచ్చినపుడు రాతిని ముందుగా తీయించవలెను. ఇంట గోరువెచ్చని సబ్బునీరు, మెత్తని బట్ట చాలును.

పెరిడాటు మరకతమునకు నకలు కాదు. దాని తక్కువ జాతియు కాదు. అది వేరొక రత్నము. కొనుగోలు చీటిలో పచ్చ యని మాత్రము వ్రాయించక, “సహజమైన పెరిడాటు” అను పేరు, కారెట్ల తూకము, ఏ సంస్కారమును జరుగలేదను మాట స్పష్టముగా వ్రాయించుకొన్నచో కొనువానికి మోసము లేదు, అమ్మువానికి అపవాదు లేదు. తన పేరుతో పిలిచి, తన గుణములతో తూచినపుడే ఏ రత్నమునకైనను న్యాయమైన వెల కలుగును.